విండో సీటు దొరికింది సరే, ఏ వైపు? గోదారి కనపడే సీటు పట్టుకోవడం ఎలా

ఫోన్ కొనేముందు ప్రాసెసర్ ఏంటి, సెన్సార్ సైజు ఎంత, ఛార్జింగ్ ఎన్ని వాట్లు అని పది రివ్యూలు చదువుతాం. ఫ్లైట్ టికెట్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం సీట్ మ్యాప్‌లో ఖాళీగా కనపడిన ఏదో ఒక విండో మీద నొక్కేసి పేమెంట్ చేసేస్తాం. నేనూ అలాగే చేశాను. దాని ఫలితం మా నాన్న అనుభవించారు.

మాది బండారులంక, అమలాపురం పక్కనే. నాన్నది మగ్గం పని. హైదరాబాద్‌లో ఒక పెళ్ళికి వచ్చారు, తిరుగు ప్రయాణానికి నేను రాజమండ్రికి ఫ్లైట్ బుక్ చేశాను. ఆయన ఎక్కిన మొదటి విమానం అది. "ఎందుకురా అంత డబ్బు దండగ" అన్నారు గానీ, లోపల ఒక కోరిక ఉంది. నలభై ఏళ్ళుగా రైల్లో, బస్సులో దాటిన గోదారి బ్రిడ్జిని ఒక్కసారి పైనుంచి చూడాలని. నేను ఎడమవైపు విండో ఇచ్చాను. దిగేటప్పుడు కుడివైపు కూర్చున్నవాళ్ళందరూ ఫోన్లు పైకెత్తి "అదిగో బ్రిడ్జి, అదిగో బ్రిడ్జి" అంటున్నారు. నాన్న తన కిటికీలోంచి పొలాలు చూస్తూ, "ఏరా, మనకి కనపడవేంట్రా?" అని అడిగారు. నా దగ్గర సమాధానం లేదు.

తర్వాత కూర్చుని లెక్క వేస్తే తెలిసింది, దీనికి అదృష్టంతో పనిలేదు. మ్యాప్, కాస్త స్కూల్ లెక్కలు, రెండు యాప్‌లు ఉంటే చాలు. ఆ పద్ధతి మొత్తం స్టెప్ బై స్టెప్ ఈ ఆర్టికల్‌లో చెప్తాను.

స్టెప్ 1: గీత గీయండి

గూగుల్ ఎర్త్ ఓపెన్ చేసి, బయలుదేరే ఎయిర్‌పోర్ట్ నుంచి దిగే ఎయిర్‌పోర్ట్ వరకు రూలర్ టూల్‌తో ఒక గీత గీయండి. మీరు చూడాలనుకున్న చోటు ఆ గీతకి ఏ పక్కన ఉందో చూడండి. విమానం వెళ్ళే దిక్కుకి తిరిగి మీరు నిలబడ్డట్టు ఊహించుకుంటే అదే మీ వైపు.

కోడింగ్ అలవాటు ఉన్నవాళ్ళు ఒక్క లైన్‌లో తేల్చేయొచ్చు. రేఖాంశం ఎక్స్, అక్షాంశం వై అనుకోండి. బయలుదేరే చోటు ఎ, దిగే చోటు బి, చూడాల్సిన చోటు పి.

(బి ఎక్స్ − ఎ ఎక్స్) × (పి వై − ఎ వై) − (బి వై − ఎ వై) × (పి ఎక్స్ − ఎ ఎక్స్)

జవాబు ప్లస్ వస్తే ఎడమ, మైనస్ వస్తే కుడి. ఇంటర్‌లో చదివిన క్రాస్ ప్రోడక్టే ఇది. గేమ్స్‌లో ఒక పాయింట్ గీతకి ఏ పక్కన ఉందో కనుక్కోవడానికి కూడా ఇదే వాడతారు.

మన కేసు చూద్దాం. హైదరాబాద్ (78.4, 17.2), రాజమండ్రి ఎయిర్‌పోర్ట్ (81.8, 17.1), ధవళేశ్వరం బ్యారేజీ (81.8, 16.9). లెక్క వేస్తే 3.4 × (−0.3) − (−0.1) × 3.4 = −0.68. మైనస్, అంటే కుడి. ఈ ముప్పై సెకన్ల లెక్క ఆ రోజు నేను వేసి ఉంటే సరిపోయేది.

ఎయిర్‌పోర్ట్ ఊళ్ళో ఉండదు, మధురపూడిలో, రాజమండ్రికి ఉత్తరాన ఉంటుంది. ఊరు, బ్రిడ్జిలు, బ్యారేజీ అన్నీ దానికి దక్షిణంగా ఉన్నాయి. హైదరాబాద్ నుంచి తూర్పుకి వస్తున్నప్పుడు దక్షిణం అంటే కుడి. తిరిగి వెళ్ళేటప్పుడు అదే ఎడమ అవుతుంది.

స్టెప్ 2: గీతని నమ్మొద్దు, పాత రూటు చూడండి

విమానాలు స్కేలు పెట్టి గీసినట్టు వెళ్ళవు. ఎయిర్ రూట్లు, వాతావరణం, ట్రాఫిక్ బట్టి దారి మారుతుంది. అందుకే ఫ్లైట్‌రాడార్24లో మీ ఫ్లైట్ నంబర్ కొట్టి, గత కొన్ని రోజుల ప్రయాణాలు ప్లేబ్యాక్‌లో చూడండి. కనీసం నాలుగైదు రోజులవి చూస్తే ఒక ప్యాటర్న్ కనపడుతుంది.

ఇందులో ముఖ్యంగా చూడాల్సింది చివరి పదిహేను నిమిషాలు. విమానం కిందికి దిగి ఉన్నప్పుడే వివరంగా కనపడేది. ఏ వైపు నుంచి దిగుతుందనేది గాలి మీద ఆధారపడుతుంది. విమానాలు ఎదురుగాలికి దిగుతాయి కాబట్టి ఒకే రన్‌వే మీద ఒక రోజు ఒక చివర నుంచి, ఇంకో రోజు ఇంకో చివర నుంచి వస్తాయి. రాజమండ్రి రన్‌వే నైరుతి నుంచి ఈశాన్యానికి ఉంటుంది. నైరుతి వైపు నుంచి దిగితే మీకు పండగే. విమానం గోదారిని దాటుకుంటూ వస్తుంది, ఊరు, బ్రిడ్జిలు కుడివైపు పరుచుకుంటాయి. ఈశాన్యం నుంచి దిగిన రోజున ముందు ఎయిర్‌పోర్ట్ దాటి వెళ్ళి వెనక్కి తిరగాలి కాబట్టి, ఆ దాటే సమయంలో కుడివైపు దూరంగా నది కనపడుతుంది. రెండు రకాలుగానూ కుడివైపుకే ఓటు.

మరి ఎడమవైపు దండగా? కాదు. పోలవరం ప్రాజెక్టు, దాని వెనక పాపికొండలు ఆ రూటుకి ఉత్తరాన, అంటే ఎడమవైపు ఉంటాయి. కొండల మధ్య సన్నబడి వచ్చే గోదారి చూడాలంటే ఎడమ, మైదానంలో విశాలంగా పారే గోదారి చూడాలంటే కుడి. నాన్నకి ఇచ్చిన సీటు చెత్త సీటు కాదు, ఆయన చూడాలనుకున్నదానికి పనికిరాని సీటు. "బెస్ట్ విండో సీటు" అని ఒకటి ఉండదు, మీరు ఏం చూడాలో ముందు తేల్చుకోవాలి.

స్టెప్ 3: సూర్యుడు ఎక్కడ ఉంటాడు?

ఇది చాలామంది మర్చిపోయే పాయింట్. మన తెలుగు రాష్ట్రాల్లో ఏడాదిలో ఎక్కువ కాలం మధ్యాహ్నం సూర్యుడు దక్షిణం వైపు ఉంటాడు. సుమారుగా మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మాత్రం నడినెత్తి దాటి కొంచెం ఉత్తరానికి జరుగుతాడు. కాబట్టి హైదరాబాద్ నుంచి రాజమండ్రి వచ్చేటప్పుడు కుడివైపు విండోకి ఎండ కొట్టే అవకాశం ఎక్కువ.

ఎండ వైపు కూర్చుంటే కిటికీ మీద గీతలు, మరకలు మెరుస్తాయి, దూరాన మసక ఎక్కువగా కనపడుతుంది. ఫోటోలో కాంట్రాస్ట్ పడిపోతుంది. నీడ వైపు కూర్చుంటే రంగులు బాగా వస్తాయి. అందుకే రెండు వైపులా చూడటానికి సమానంగా ఉంటే నీడ వైపే తీసుకోండి.

కానీ నీళ్ళ విషయంలో ఇది తిరగబడుతుంది. సూర్యుడి వైపు చూస్తున్నప్పుడు నది, కాలువ, చెరువు అన్నీ అద్దంలా వెలుగుని మీ కంటికే కొడతాయి. కోనసీమ లాంటి చోట, నాట్ల సమయంలో చేలల్లో నీళ్ళు నిలిచి ఉన్నప్పుడు, ఒక్కో మడి వరసగా వెలిగి ఆరిపోతూ ఉంటుంది. ఆ సీన్ నీడ వైపు కూర్చున్నవాళ్ళకి దొరకదు.

టైమ్ సంగతికొస్తే, ఉదయం తొమ్మిది లోపు, సాయంత్రం నాలుగు తర్వాత వెలుగు ఏటవాలుగా పడుతుంది కాబట్టి కొండలు, గట్లు, కొబ్బరితోటలకి నీడలు వచ్చి లోతు తెలుస్తుంది. అయితే డిసెంబర్, జనవరిలో తెల్లవారుజామున గోదావరి జిల్లాల్లో మంచు దట్టంగా పడుతుంది. ఆ నెలల్లో మొదటి ఫ్లైట్ తీసుకుంటే కింద తెల్లటి దుప్పటి తప్ప ఏమీ కనపడకపోవచ్చు, పైగా లేటయ్యే రిస్క్ కూడా ఉంది. వానలు పడి గాలి కడిగినట్టు అయిన తర్వాత వచ్చే ఎండ రోజులు అన్నిటికంటే బెస్ట్.

స్టెప్ 4: ఏ వరస? ముందు విమానం మోడల్ చూడండి

బుకింగ్ పేజీలో విమానం మోడల్ చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. దాన్ని బట్టి లెక్క మారుతుంది.

ఏటీఆర్ 72: ఫ్యాన్లు తిరిగే చిన్న విమానం. రాజమండ్రి లాంటి ఊళ్ళకి ఎక్కువగా తిరిగేది ఇదే. "అయ్యో, చిన్న విమానమా" అనుకోకండి, చూడటానికి ఇదే కింగ్. కారణాలు రెండు. ఒకటి, దీని రెక్క కిటికీల పైన ఉంటుంది, కాబట్టి కిందికి చూపు అడ్డం రాదు. రెండు, జెట్ విమానాల కంటే తక్కువ ఎత్తులో, గంటకి సుమారు 500 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంది, చూసే టైమ్ ఎక్కువ దొరుకుతుంది. సీట్లు రెండు పక్కలా రెండేసి. ముందు భాగంలో ప్రొపెల్లర్ కిటికీకి ఎదురుగా వస్తుంది, శబ్దం కూడా అక్కడే ఎక్కువ. వెనక మూడో వంతు వరసలు తీసుకోండి. ఎక్కే తలుపు కూడా వెనకే ఉంటుంది కాబట్టి దిగేటప్పుడు ముందు మీరే.

ఎయిర్‌బస్ ఏ320, ఏ321: రెక్క కిటికీల కింద ఉంటుంది. ఏ320లో సుమారు తొమ్మిదో వరస నుంచి ఇరవయ్యో వరస దాకా కిందికి చూస్తే రెక్కే కనపడుతుంది. ముందు వరసలు ఫోటోలకి బెస్ట్. బాగా వెనక వరసల్లో వ్యూ ఉంటుంది గానీ, ఇంజన్ నుంచి వచ్చే వేడి గాలి వల్ల రెక్క వెనక భాగంలో దృశ్యం అలలు అలలుగా కదులుతుంది, జూమ్ ఫోటోలు మెత్తగా వస్తాయి.

బోయింగ్ 737: ఇందులో ఒక ట్రాప్ ఉంది. రెక్కకి కాస్త ముందు ఏసీ గొట్టాలు గోడలోంచి వెళ్ళే చోట కిటికీ ఉండదు. సీట్ మ్యాప్‌లో అది "విండో" అనే చూపిస్తుంది, మీరు కూర్చునేది గోడ పక్కన. ఏరోలోపా లాంటి సైట్లలో ఒక్కో సీటుకి కిటికీ ఎక్కడ వస్తుందో గీసి చూపిస్తారు. డబ్బు కట్టేముందు ఒకసారి అక్కడ చూడండి.

చెకిన్ చేశాక, బయలుదేరే ముందు రోజు ఇంకోసారి సీటు చెక్ చేసుకోండి. విమానం మారిస్తే సీట్ మ్యాప్ కూడా మారిపోతుంది.

ఎంత దూరం కనపడుతుంది?

ఎత్తుని మీటర్లలో తీసుకుని వర్గమూలం కట్టి 3.57తో గుణిస్తే క్షితిజం ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో వస్తుంది. 5,000 మీటర్ల ఎత్తులో సుమారు 250 కిలోమీటర్లు, 10,700 మీటర్ల దగ్గర సుమారు 370. కాగితం మీద చాలా గొప్పగా ఉంది కదా? కానీ మధ్యలో దుమ్ము, తేమ, మసక ఉంటాయి. నా అనుభవంలో, విమానం ఎత్తుకి మూడు రెట్ల దూరం లోపల ఉన్నది స్పష్టంగా కనపడుతుంది, ఐదు రెట్లు దాటితే గాలి శుభ్రంగా ఉన్న రోజే కనపడుతుంది.

అందుకే నిజం చెప్పేస్తాను. హైదరాబాద్–రాజమండ్రి ఫ్లైట్‌లో మా బండారులంక కనపడదు. ఎయిర్‌పోర్ట్‌కి 50 కిలోమీటర్లకు పైగా దక్షిణాన ఉంది, దిగే టైమ్‌కి విమానం బాగా కిందికి వచ్చేస్తుంది. కోనసీమ మొత్తాన్ని చూడాలంటే వేరే రూట్లు ఉన్నాయి.

బెంగళూరు నుంచి వైజాగ్: మ్యాప్ మీద నేరుగా గీత గీస్తే కోనసీమ మీదుగానే వెళ్తుంది. ఫార్ములాలో బండారులంక (82.0, 16.6) పెడితే −0.65, అంటే కుడివైపు, గీత నుంచి సుమారు పది కిలోమీటర్లే. ఇంత దగ్గరగా ఉన్నప్పుడు అసలు రూటు కొంచెం జరిగినా వైపు మారిపోతుంది కాబట్టి ఇక్కడ స్టెప్ 2 తప్పనిసరి. ఇంకో బోనస్: 35,000 అడుగుల నుంచి దిగడం సుమారు 190 కిలోమీటర్ల ముందు మొదలవుతుంది, వైజాగ్‌కి కోనసీమ ఉన్న దూరం కూడా దాదాపు అంతే. ఇంజన్ శబ్దం తగ్గినట్టు అనిపించిందంటే కిటికీలోంచి చూడండి.

చెన్నై నుంచి వైజాగ్: గీత సముద్రం మీదుగా పోతుంది. లెక్క +2.34, ఎడమవైపు, సుమారు 45 కిలోమీటర్ల దూరం. గాలి శుభ్రంగా ఉంటే డెల్టా మొత్తం ఒకే ఫ్రేమ్‌లో పడే చాన్స్ ఇక్కడే. గౌతమి, వైనతేయ, వసిష్ఠ సముద్రంలో కలిసే చోట్లు, వరద రోజుల్లో అయితే ఎర్రనీరు నీలి నీళ్ళలోకి ఎంత దూరం వెళ్ళిందో కూడా తెలుస్తుంది.

బెంగళూరు నుంచి రాజమండ్రి: నేరు గీత కొల్లేరు దాదాపు పైనుంచే పోతుంది. పశ్చిమ గోదావరి చేపల చెరువులు, డెల్టా కుడివైపు.

ఫోన్ కెమెరా సెట్టింగ్స్

1. ఫ్లాష్ ఆఫ్. ఆటోలో ఉంటే కిటికీ మీదే వెలిగి ఫోటో పోతుంది.

2. ఫోన్‌ని అద్దానికి వీలైనంత దగ్గరగా పెట్టండి, ఆనించొద్దు. ఆనిస్తే విమానం వణుకు మొత్తం ఫోన్‌కి వస్తుంది. రిఫ్లెక్షన్ ఎక్కువగా ఉంటే నల్ల టవల్ గానీ జాకెట్ గానీ చుట్టూ అడ్డం పెట్టండి. తెల్ల చొక్కా వేసుకుంటే మీరే కిటికీలో కనపడతారు.

3. ఆటో ఫోకస్ అద్దం మీద గీతల్ని పట్టుకుంటోందా? ప్రో మోడ్‌లోకి వెళ్ళి ఫోకస్‌ని ఇన్ఫినిటీకి, అంటే కొండ గుర్తు దగ్గరికి జరపండి.

4. మెయిన్ లెన్స్ 1ఎక్స్ వాడండి. అల్ట్రావైడ్‌లో కిటికీ అంచులు పడతాయి. టెలిఫోటోతో ఏటవాలుగా తీస్తే మందపాటి అద్దం పొరల వల్ల షార్ప్‌నెస్ పోతుంది.

5. సీపీఎల్ ఫిల్టర్ తగిలించొద్దు. విమానం కిటికీ గాజు కాదు, సాగదీసిన యాక్రిలిక్. పోలరైజర్ పెడితే దాని లోపలి ఒత్తిడి ఇంద్రధనుస్సు చారల్లా కనపడుతుంది. పోలరైజ్డ్ కళ్ళద్దాలకీ ఇదే సమస్య.

6. ఏటీఆర్‌లో ప్రొపెల్లర్ ఫోటోలో అరటిపండులా వంకరగా వస్తే ఫోన్ పాడయ్యిందనుకోకండి. ఫోన్ సెన్సార్ ఫ్రేమ్‌ని ఒకేసారి కాకుండా వరస తర్వాత వరస చదువుతుంది. ఆ లోపు ఫ్యాన్ రెక్క తిరిగిపోతుంది. దీన్నే రోలింగ్ షట్టర్ అంటారు.

7. నైట్ మోడ్ విమానంలో పెద్దగా పనిచేయదు. అది సెకన్ల పాటు ఎక్స్‌పోజ్ చేస్తుంది, మీరు సెకనుకి వంద మీటర్లకు పైగా కదులుతున్నారు.

కింద ఉన్నది ఏ ఊరో ఎలా తెలుస్తుంది?

ఏరోప్లేన్ మోడ్‌లో కూడా జీపీఎస్ పనిచేస్తుంది. అది సిగ్నల్ పంపదు, శాటిలైట్ల నుంచి వచ్చేది వింటుంది అంతే. ఇంటి దగ్గరే గూగుల్ మ్యాప్స్‌లో గానీ ఆర్గానిక్ మ్యాప్స్‌లో గానీ ఆ ఏరియా ఆఫ్‌లైన్‌లో డౌన్‌లోడ్ చేసుకోండి. ఎయిర్‌పోర్ట్‌లో నెట్ ఉండగానే ఒకసారి మ్యాప్ తెరిచి లొకేషన్ పట్టనివ్వండి. నెట్ సాయం లేకుండా గాల్లో మొదటిసారి వెతకాలంటే చాలా నిమిషాలు పట్టొచ్చు. పైకి వెళ్ళాక ఫోన్‌ని కిటికీకి ఆనుకుని ఉంచితే నీలం చుక్క కదులుతూ ఉంటుంది.

ఒక్క హెచ్చరిక

వైజాగ్ రన్‌వే నేవీ స్థావరం ఐఎన్ఎస్ డేగాది. అక్కడ టేకాఫ్, ల్యాండింగ్ సమయంలో, నేల మీద ఉన్నప్పుడు ఫోటోలు, వీడియోలు తీయకండి. రక్షణ శాఖ ఎయిర్‌పోర్టులన్నిటికీ ఇదే వర్తిస్తుంది. సిబ్బంది షేడ్ మూయమన్నా, ఫోన్ లోపల పెట్టమన్నా వాదన వద్దు. ఒక రీల్ కోసం కేసు పెట్టించుకోవడం ఎవరికీ అవసరం లేదు.

ఫైనల్‌గా

హైదరాబాద్ నుంచి రాజమండ్రి: బ్రిడ్జిలకి కుడి, పాపికొండలకి ఎడమ. వెనక వరసలు.
బెంగళూరు నుంచి వైజాగ్: కుడి, రూటు చెక్ చేసి.
చెన్నై నుంచి వైజాగ్: ఎడమ.
తిరుగు ప్రయాణంలో అన్నీ రివర్స్.

ఎనిమిది నెలల తర్వాత అమ్మ, నాన్న ఇద్దరూ హైదరాబాద్ వచ్చారు. నాన్న "ఇంక చాల్లేరా, రైలుకి పోతాం" అన్నా వినలేదు. ఈసారి కుడివైపు, వెనక వరసల్లో, ఒకదాని వెనక ఒకటి రెండు విండోలు. వాళ్ళిద్దరూ కిటికీల దగ్గర, నేను అమ్మ పక్కన. ఆ రోజు నైరుతి నుంచే దిగింది. కింద నది రాగానే నాన్న వేలు కిటికీకి పెట్టి లెక్క మొదలెట్టారు. 1900లో తెరిచిన పాత హేవ్‌లాక్ బ్రిడ్జి, 1974 నాటి రోడ్డు కం రైలు బ్రిడ్జి, 1997లో వచ్చిన ఆర్చ్ బ్రిడ్జి. "మూడు… నాలుగోది కూడా ఉందేంట్రా?" అన్నారు. 2015లో వచ్చిన కొత్త రోడ్డు బ్రిడ్జి అని చెప్పాను. దూరంగా మసకలో ధవళేశ్వరం బ్యారేజీ సన్నటి గీతలా ఉంది. "పడుగులో ఒక్క పేక పోగు వేసినట్టుంది" అన్నారు ఆయన, మగ్గం భాషలో.

నేను తీసిన ఫోటోల్లో ఆ బ్యారేజీ సరిగ్గా రాలేదు, మసక ఎక్కువైంది. నాన్న మాత్రం ఇంటికెళ్ళాక వీధిలో అందరికీ నాలుగు బ్రిడ్జిల గురించే చెప్పారట. నెక్స్ట్ టైమ్ మీ ఇంట్లోవాళ్ళు మొదటిసారి ఎక్కుతుంటే, సీటు మీద నొక్కేముందు ఆ ముప్పై సెకన్ల లెక్క వేయండి.